మత్తయ్యకు తాలీం మట్టి

"నా కుడికన్ను పొద్దుగాల నుంచి అదురుతుంది. గీ రైలు ఎక్కకుండ్రి. రేపటి దాంట్ల పోండ్రి."

తాండూరు స్టేషన్‌లో నేనీ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. రైలు కూడా రాలేదు. నా పెనిమిటి మొగులప్ప భుజం మీది తువ్వాల దులుపుకొని నవ్వాడు.

"రేపు ఎడమకాలు గుంజితే ఎల్లుండి పొమ్మంటవు. నీ తీరుగ ఫికర్ జేస్తే మనిషి తల్లి కడుపుల నుంచి బయటికే రాడు."

ఆయన పక్కన మత్తయ్య పహిల్వాన్ కూర్చున్నాడు. కింద ఉన్నది తాండూరు బండ కాబట్టి ఆయన బరువు మోసింది. మా ఇంట్లో చెక్కపీట వేస్తే ఆయన ఎప్పుడూ పక్కకు జరిపి నేలమీదే కూర్చునేవాడు. "పీట మీది నుంచి పడితె వదినెకు భయం" అనేవాడు.

"వదినెను ఏమనకు మొగులన్నా," అన్నాడు ఇప్పుడు. "ఆమె భయపడ్డనాడు నేను ఎన్నడు ఓడలే. కొడంగల్ కుస్తీనాడు పాము కరుస్తదన్నది, గెలిచిన. గుల్బర్గ పోయిననాడు బస్సు పల్టీ కొడతదన్నది, గెలిచిన. పరిగి పోయిననాడు ఈమెకు జరమొచ్చి ఏమనకుండ పండుకున్నది. ఆనాడే ఓడిన. భయపడు వదినె, మంచిగ భయపడు. నాకు తాయెత్తు నీ భయమే."

స్టేషన్‌లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. జొన్నరొట్టెలు, ఎర్రకారం కట్టిన మూట మత్తయ్య చేతిలో పెట్టాను.

నీళ్ల చెంబు పట్టుకొని నా వెనక నిలబడ్డ నా బిడ్డ ఇంద్రమ్మ మెల్లగా ముందుకొచ్చింది. పెద్దమనిషైన పిల్ల స్టేషన్‌కు ఎందుకని నేను వద్దంటే, నీళ్లెవరు మోస్తారని వెంట వచ్చింది.

"కాకా, ఈ ఆట చెక్కల మీదనంట గదా?"

"అవు బిడ్డా. చెక్కల మీద గుడ్డ పరుస్తరంట. సుట్టు తాళ్లు కడతరంట, బర్రెలను కట్టేసినట్టు. టికెట్ కొన్నోళ్లే లోపలికి."

"మట్టి ఉండదా?"

"ఉండది."

"మరి పడితె?"

"పడేటందుకు పోతున్ననా బిడ్డా?" అన్నాడు మత్తయ్య.

అంతలో ఉస్తాద్ ఈరయ్య కర్ర ఊపుకుంటూ వచ్చాడు. మా ఊరి తాలీం, అంటే కుస్తీ నేర్పే ఇల్లు, ఆయనదే. మత్తయ్యా నా పెనిమిటీ ఆయన దగ్గరే లంగోటి కట్టారు. మత్తయ్య వికారాబాద్ కిరస్తానీ వాడలో పుట్టినవాడు, బండల గనిలో పనికి తాండూరు వచ్చాడు. "తాలీంల కులం అడగరు, లంగోటి అడుగుతరు" అని ఈరయ్యే ఆయన్ను లోపలికి పిలిచాడట. ఆ తర్వాత గని పని మానేసి మత్తయ్య కుస్తీ మీదే బతికాడు. నా పెనిమిటి మాత్రం పెళ్లయ్యాక కుస్తీ వదిలి బండలు నునుపుచేసే పనికి కుదిరాడు. అయినా మత్తయ్య ఎక్కడికి పోతే అక్కడికి వెంట పోయేవాడు. నూనె రాసేది, చెమట తుడిచేది, బట్టలు పట్టుకొని నిలబడేది ఆయనే.

మత్తయ్య వంగి ఉస్తాద్ కాళ్లు మొక్కాడు.

"చెప్పింది యాదుంచుకో," అన్నాడు ఈరయ్య. "తాలీం మీద కప్పు లేదు. వానకాలం వస్తుంది."

ఎప్పుడూ "జీ ఉస్తాద్" అనే మత్తయ్య ఆనాడు ఏమీ అనలేదు. రొట్టెల మూట ముడి విప్పి మళ్లీ కట్టుకున్నాడు. నాకది చిత్రంగా తోచింది. ఆట పెట్టిన హైదరాబాదు కంట్రాక్టరు మా తాలీంకు కొత్త రేకులు ఇప్పిస్తానని మాట ఇచ్చాడని ఊరందరికీ తెలుసు. ఆ సంగతే అనుకున్నాను. రైలొచ్చింది. ఎక్కారు. నా కన్ను అదురుతూనే ఉంది.

నా బిడ్డకు మత్తయ్య అంటే ఎంత పిచ్చో చెప్పాలి. ఇంద్ర చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చొని కొడంగల్ కుస్తీ చూసింది. గెలిచి జనం చుట్టూ తిరుగుతున్న మత్తయ్య చెవిని చటుక్కున పట్టుకుంది. పహిల్వాన్ల చెవులు ఎట్లా ఉంటాయో తెలుసు కదా, నలిగి ముడుచుకొని. "కాకా, నీ చెవి ఎవరు నమిలిండ్రు?" అని అడిగింది. జనమంతా గొల్లుమన్నారు. "మీ నాయినే బిడ్డా. తాలీంల పిసికి పిసికి గిట్ల జేసిండు," అన్నాడాయన.

ఆనాటి నుంచి మత్తయ్య ఆమె మనిషి. ఆయన పేరు అచ్చేసిన గులాబీరంగు కుస్తీ కాగితాలన్నీ నా పెళ్లి పెట్టె మూతకు లోపలివైపు అతికించింది. పెట్టె తెరిస్తే చీరలకంటే ముందు మత్తయ్య కనిపించేవాడు. పెద్దదయ్యాక కుస్తీలు చూడటానికి పోనియ్యలేదు నేను. అక్కడ తోపులాటలో చెయ్యి విరుగుతుందని, ఎవడన్నా ఏమన్నా అంటాడని, ఏమీ అనకపోయినా ఊరు అంటుందని. అప్పుడు తండ్రి ఇంటికొచ్చి తలకింది మెత్తను నేలమీద పడేసి ప్రతి పట్టూ చేసి చూపించేవాడు. మెత్తలోని దూది బయటికొచ్చింది గాని బిడ్డకు నోటికి రాని పట్టు లేదు. మత్తయ్య ఓడిపోతాడని ఎవరన్నా అంటే వీధిలో వాళ్లను తరిమేది.

వారం తిరగకముందే, పొద్దున నేను చాటలో జొన్నలు చెరుగుతుంటే స్టేషన్‌లో చాయ్ అమ్మే భీమయ్య పరుగెత్తుకొచ్చాడు.

"హన్మమ్మా, మొగులన్న బాగనే ఉన్నడు," అన్నాడు.

నా చేతిలో చాట జారిపోయింది. ఒకరు బాగున్నారని ముందు చెప్పారంటే, బాగాలేనివారు ఇంకొకరున్నారన్నమాటే.

హైదరాబాదులో ఆ చెక్కల మీద ఉత్తరాది నుంచి తెచ్చిన ఏనుగులాంటి మనిషితో ఆట. మత్తయ్య మెడ విరిగింది. దవాఖానలో ప్రాణం పోయింది. శవాన్ని లారీలో వికారాబాద్‌కు, తల్లి రాహేలమ్మ ఇంటికి తెచ్చారు. సాయంత్రం బొందపెడతారు. మొగులప్ప పొద్దున రైలుకే తాండూరు దిగి నేరుగా తాలీంకు పోయాడని చెప్పాడు భీమయ్య.

ఎందుకు పోయాడో నాకు తెలుసు. మా దిక్కు పహిల్వాన్ చనిపోతే, ఆయన చెమట కలిసిన గోదాలోని మట్టి ఆయనకు అందాలి. కాల్చేవారైతే చితి కింద వేస్తారు, బొందపెట్టేవారైతే మొదటి పిడికిలి అదే వేస్తారు. పసుపు, నూనె, మజ్జిగ పోసి ఏళ్లకేళ్లు కలిపిన ఎర్రమట్టి అది. ఆ మట్టి అందని పహిల్వాన్‌ను ఊరు పహిల్వాన్ అని తలచుకోదు. దొంగను తలచినట్టు తలుస్తుంది.

నా పెనిమిటి ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. గడప మీద కూర్చున్నాడు. వెనకే మళ్లీ వచ్చిన భీమయ్య జరిగింది చెప్పాడు. తాలీంలో అందరి ముందర ఈరయ్య అన్నాడట: "నూరా కుస్తీ ఆడి సచ్చినోనికి నా గోదాల రేణువు గూడ ఇయ్య." నూరా కుస్తీ అంటే ముందే మాట్లాడుకొని, డబ్బు తీసుకొని పడిపోయే కుస్తీ. పడబోయి మెడ విరగ్గొట్టుకున్నాడని ఈరయ్య మాట. ఉస్తాద్ అన్నాక ఇంకెవరు నోరెత్తుతారు? అప్పటికే బజారంతా అదే అంటున్నారట.

ఇంద్ర వచ్చి తండ్రి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లలో ఒక్క చుక్క నీరు లేదు.

"నాయినా, కాక అమ్ముడువోయిండా?"

ఆయన నేల చూశాడు.

"నువ్వు ఆడనే ఉన్నవు గదా. నీ కండ్లతోని చూసినవు గదా. చెప్పు, అమ్ముడువోయిండా?"

ఆయన లేచి ముఖం కడుక్కున్నాడు. "వికారాబాద్ పోతున్న," అని మాత్రం అన్నాడు, అదీ గోడతో అన్నట్టు. బండల లారీ ఎక్కి పోయాడు.

నాకు ఎన్ని భయాలుండాలో అన్నీ ఉన్నాయి. ఈయన ఏమన్నా చేసుకుంటాడేమో. లారీ బోల్తా పడుతుందేమో. పిల్ల ఏడవకుండా బిగుసుకుపోయింది, ఏదన్నా గాలి సోకిందేమో. ఏడువే తల్లీ అన్నాను. "ఎందుకు ఏడుస్త? ఏడ్చి ఊకుంటె వాళ్లదే నిజమైతది," అంది. పోయినవాళ్ల కోసం ఏడ్చేవాళ్లను చూశాను గాని, పోయినవాళ్ల కోసం కొట్లాడే పిల్లను అప్పుడే చూశాను.

నేను పొయ్యి దగ్గరికి పోయి వచ్చేలోపల ఇంద్ర బావి గట్టు మీద కూర్చొని, చేతులకు సబ్బు రాసుకొని గాజులు తీస్తోంది. ఆకుపచ్చ మట్టిగాజులు, మొన్ననే వేయించినవి. ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోంది. గోడ అవతలి నుంచి పక్కింటి సుమిత్రమ్మ చూడనే చూసింది.

"ఓ హన్మక్కా! నీ బిడ్డ గాజులు తీస్తుందేందే! ఆ పయిల్వాన్‌కు ఈ పిల్లకు ఏందక్కా? పెండ్లి గాని పిల్ల గాజులు తీసుడేంది?"

సుమిత్రమ్మ గొంతు ఊరి పొలిమేర దాకా వినిపించే గొంతు. అప్పుడే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చారు. మగడు పోయినదాని చేతులవి అని వాళ్ల కళ్లలోనే కనబడుతోంది.

"గట్ల గాదు సుమిత్రా," అన్నాను. ఎట్లనో నాకే తెలియదు.

ఇంద్ర తల కూడా ఎత్తలేదు. "చిన్నమ్మా, నా గాజుల కోసం ఏడుస్తున్నవా? ఏడువు. గట్టిగ ఏడువు. ఈ తాండూర్ల కాక పేరు మీద ఒక్కలన్న ఏడ్వాలె గదా."

"అయ్యో, నోరు సూడు పిల్లది!"

"నోరు నీదే పెద్దది. నాది నేర్చుకుంటుంది."

నేను చెయ్యి పట్టి లోపలికి గుంజుకొచ్చి తలుపేశాను. "నా కొంప ముంచినవు గదనే! రేపు నిన్నెవరు చేసుకుంటరే? ఎందుకు తీసినవే గాజులు? చెప్పవే, నీకు ఆయనకు..." ఆ మాట పూర్తి చేయడానికి నోరు రాలేదు.

పిల్ల నన్ను వింతగా చూసింది. కాసేపటికి నేను అడుగుతున్నదేమిటో అర్థమై ముఖం ఎర్రబడింది.

"అవ్వా, గోదాల గాజులతోని దిగుతరా ఎవరన్న? ఒక్క పెంకు మట్టిల రాలితే ఎవరి వీపు కోసుకపోతదో? ఉంగరం గూడ తీస్తరు, తాయెత్తు గూడ తీస్తరు. నాయిన ఎన్నిసార్లు చెప్పిండు!"

గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను. పెద్ద భయం ఒకటి దిగిపోయింది. అంతలోనే దానికంటే పెద్దది ఎక్కింది.

"గోదాల దిగుతవా? నువ్వా?"

"నాయిన తేలే. తాలీం పోరగాండ్లు తేలే. ఇంకెవరు తెస్తరు?"

తల మీద నుంచి నీళ్లు పోసుకుంది. మెతుకు ముట్టలేదు. మట్టి తెచ్చేవారు అట్లాగే పోవాలట. తడి జుట్టు ముడేసుకొని బయటికి నడిచింది. నేను ఆపలేను, ఇంట్లో ఉండలేను. కొంగు నెత్తిమీదికి లాక్కొని వెనకే నడిచాను. బజారులో ప్రతి గడపా మమ్మల్ని చూసింది. నా బిడ్డ ఉత్త చేతులను చూసింది. ఆమె చేతులు దాచుకోలేదు. ఊపుకుంటూ నడిచింది.

తాలీం వాకిలి చాలా పొట్టిది. ఎంతటి పహిల్వాన్ అయినా వంగే లోపలికి పోవాలని అట్లా కట్టారట. మధ్యాహ్నం కాబట్టి అందరూ గనుల్లో ఉన్నారు. పోయిన వానలకు ఒక గోడ కూలింది, పైన కప్పు లేదు. గోదాలో ఎండ పడుతోంది. ఒక మూల హనుమంతుడి పటం, తిప్పే గదలు. కూలిన గోడకు ఆనించి, కంట్రాక్టరు ముందే పంపిన కొత్త రేకులు పెట్టి ఉన్నాయి. ఆ తళతళకు కళ్లు చెదిరాయి.

ఈరయ్య వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవరది?"

"మొగులప్ప బిడ్డను, తాతా. మట్టికొచ్చిన."

"మీ నాయినకే ఇయ్యలే. నీకిస్తనా?"

"నేను అడుగుతలేను తాతా. తీస్కపోతున్న అని చెప్తున్న."

ఉస్తాద్ శాపం పెడితే తగులుతుందంటారు. "పిల్లది తాతా, తెల్వక అంటుంది," అన్నాను. ఆయన నావైపు చూడనే లేదు.

"ఆడది గోదాల అడుగు పెడితే గోదా పాడైతది."

"గాజుపెంకుతోని పాడైతది. అబద్ధంతోని పాడైతది. మా నాయిన చెప్పిండు. నాయినకు ఎవరు చెప్పిండ్రు తాతా? నువ్వే గదా." రెండు చేతులూ ముందుకు చాపి చూపింది. "చూస్కో. ఏం లేదు."

"అమ్ముకున్నోనికి ఈ మట్టి ముట్టదు. పో."

"ఒక్కటి చెప్పు తాతా. పడుతనని మాటిచ్చినోడు ఎట్ల పడతడు? మెత్తగ, ఎల్లెలుకల. వీపు ఆనిస్తె అయిపాయె, లేసి ఇంటికొస్తడు. కాక మెడ ఎందుకు ఇరిగింది? వీపు కింద ఆనొద్దని, మెడ మీద నిలవడి, ఒళ్లంత ఇంద్రధనుస్సు లెక్క లేపితెనే మెడ ఇరుగుతది. పడేటోడు మెడ మీద ఎందుకు లేస్తడు? ఇంత పెద్ద ఉస్తాద్‌వి, నీకు తెల్వదా?"

కర్ర మీద ఈరయ్య చెయ్యి కదిలింది. ఆయన చూపు ఒక్కసారి రేకుల వైపు పోయి, వెనక్కి వచ్చింది. అది నేను చూశాను. స్టేషన్‌లో మత్తయ్య రొట్టెల మూట విప్పి కట్టుకోవడం గుర్తొచ్చింది.

ఇంద్ర గోదా అంచు తాకి కళ్లకద్దుకుంది. దిగింది. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. ఏ ఆడపిల్లా దిగని చోట మోకాళ్ల మీద కూర్చొని రెండు చేతులతో మట్టి తోడింది.

"బయటికి రా!" అని అరిచాడు ఈరయ్య. మంచం దిగలేకపోయాడో, దిగలేదో తెలియదు.

"అవ్వా, కొంగు పట్టు."

నాకు అన్నీ ఒక్కసారే కనిపించాయి. ఉస్తాద్ శాపం, కులపోళ్ల పంచాయితీ, పెనిమిటి కోపం, ఇంటి ముందుకు ఏ సంబంధమూ రాని రోజులు. కొంగు పడితే ఇవన్నీ ఉన్నాయి. పట్టకపోతే ఒక్కటే ఉంది. నా బిడ్డ ఆ గుంటలో ఒక్కతే అయిపోతుంది.

కొంగు పట్టాను.

రైల్లో ఆ మూట నా ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. పసుపు వాసన, నూనె వాసన, మగవాళ్ల చెమట వాసన. ముడి ఊడుతుందేమోనని రెండు చేతులతో పట్టుకున్నాను. ఎదుటి బల్ల మీది ముసలమ్మ అడిగింది, "ఏందమ్మా కొంగుల? బెల్లమా?"

"మట్టి," అంది ఇంద్ర.

"మట్టిని కొంగుల కట్టుకుంటరా ఎవరన్న?"

"మత్తయ్య పయిల్వాన్‌కు, తాలీం మట్టి."

"ఓ, ఆ నూరా కుస్తీ ఆయనకా?" అన్నాడు కిటికీ దగ్గర కూర్చున్న బట్టల వ్యాపారి. మాట రైలుకంటే ముందు ప్రయాణం చేసింది.

అంతే. తాండూరు నుంచి వికారాబాద్ దాకా నా బిడ్డ ఒక డబ్బా జనంతో కుస్తీ పట్టింది. ఒకణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, మెడ ఎప్పుడు విరుగుతుందో, వీపు ఎప్పుడు ఆనుతుందో చూపెట్టింది. ఆ పడుకున్నవాడు "ఇడువు తల్లీ, నువ్వు చెప్పిందే కరెక్టు" అనేదాకా వదల్లేదు. ముసలమ్మ నా మోచెయ్యి తట్టి, "నీ బిడ్డ గట్టిదమ్మా," అంది. "అదే నా భయం," అన్నాను.

దిగేటప్పుడు చూశాను. వెనక డబ్బాలో నుంచి ఈరయ్య దిగుతున్నాడు, ఇద్దరు శిష్యులు చెరో చెయ్యి పట్టుకోగా.

కిరస్తానీ వాడ వెనక సమాధుల చోటికి మేం చేరేసరికి పెట్టె గుంతలోకి దింపేశారు. పాట పాడుతున్నారు. నా పెనిమిటి ఒక పక్కన తల వంచుకొని నిలబడ్డాడు. మమ్మల్ని చూసి, నా కొంగు చూసి, ఇంద్ర చేతులు చూసి, ఇంకా వంచుకున్నాడు.

మత్తయ్య తల్లి రాహేలమ్మ గుంత అంచున కూర్చొని ఉంది. నన్ను దగ్గరికి రమ్మంది.

"నువ్వేనా హన్మమ్మవు? నువ్వు భయపడ్డనాడు ఓడనని చెప్పేటోడు నా కొడుకు. ఈసారి భయపడలేదా బిడ్డా?"

"భయపడ్డ అవ్వా. మస్తు భయపడ్డ."

"మరి ఎట్ల ఓడిండు?"

"ఓడలే," అంది ఇంద్ర. కొంగు ముడి విప్పి పిడికిలి నిండా మట్టి తీసుకుంది.

"ఆగు!" ఈరయ్య గొంతు. జనం దారిచ్చారు. కర్ర ఊతంగా గుంత దాకా వచ్చాడు. "రాహేలమ్మా, నీ దుక్కంల అడ్డం వచ్చెటోన్ని గాదు. మన్ను నువ్వు ఏసుకో, మీ అయ్యగారు ఏసుకోని. గని నా తాలీం మట్టి మాత్రం పడనియ్య. వీపు అమ్ముకున్నోనికి అది లేదు. మా తాలీం కట్టు అది."

పాట ఆగిపోయింది. తెల్ల అంగీ తొడుక్కున్న పాదిరి పుస్తకం మూశాడు. ఆయనకు కుస్తీ తెలియదు, అయినా తల్లి ముందు అన్న మాట బరువు తెలిసింది.

"ఇది చిన్న మాట గాదు పెద్దాయనా," అన్నాడు. "చూసినోళ్లు ఎవరు?"

అందరి కళ్లూ ఒక్క మనిషి వైపే తిరిగాయి. ఇంద్ర పిడికిలి గుంత మీదికి చాచి అట్లాగే పట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి రేణువు కూడా రాలనియ్యలేదు.

"నాయినా," అంది. "పొద్దున అడిగిన. చెప్పలే. మల్ల అడుగుతున్న. నువ్వు తాళ్ల కాడనే ఉన్నవు. కాక అమ్ముడువోయిండా?"

మా ఇంట్లో ఉస్తాద్ పేరు ఎత్తితే నా పెనిమిటి చెవి పట్టుకొని ఎత్తేవాడు. తాలీంలో లంగోటి కట్టినవాడు ఉస్తాద్ మాటకు ఎదురు చెప్పడు. ఎదురు చెప్పినవాణ్ణి మళ్లీ ఏ తాలీం గడపా లోపలికి రానివ్వదు. ఈ మాట మా పెళ్లైనప్పటి నుంచి వింటున్నాను. ఇప్పుడు ఆ ఉస్తాద్ ఆయన ముందరే, కర్ర మీద రెండు చేతులూ పెట్టి ఆయన్నే చూస్తున్నాడు.

గుంత తవ్వినవాళ్లు పారలు నేలకు ఆనించారు. ఎక్కడో గూడ్సుబండి కూత వేసి ఊరు దాటిపోయింది. రాహేలమ్మ నా చెయ్యి పట్టుకుంది, పట్టు బిగిస్తూ పోయింది. ఇంద్ర చాచిన చెయ్యి దించలేదు. ఇన్నేళ్లూ నా ఇంటివాళ్లు నోరు తెరిస్తే ఏం మునుగుతుందోనని భయపడ్డాను నేను. ఆనాడు మొదటిసారి ఆయన నోరు తెరవడేమోనని భయపడ్డాను.

ఆయన తువ్వాల తీసి నేలమీద పెట్టాడు. రెండు చేతులూ జోడించాడు.

"ఉస్తాద్," అన్నాడు. "పడుమని చెప్పింది నువ్వు. రేకుల కోసం. రైలు కాడ గూడ యాద్ చేసినవు, ఇప్పుడు ఆ తప్పు వాని మీదికి నూకుతున్నవు. తాళ్ల లోపలికి పోయేటప్పుడు వాడు నాతోని అన్నడు, 'మొగులన్నా, ఉస్తాద్ కాళ్లు వెయ్యిసార్లు మొక్కుత గని, ఇది చెయ్య' అని. ఆ ఏనుగు అసుంటోడు మీద పండుకుంటె, నా కండ్ల ముందర, మెడ మీద లేసిండు. మెడ ఇరిగిన సప్పుడు నేను ఇన్న. అప్పుడు గూడ వాని వీపు చెక్కకు ఆనలే." బిడ్డ వైపు తిరిగాడు. "వాడు పడలే బిడ్డా. ఎయ్. మట్టి ఎయ్."